ముప్పై ఐదు వస్తే పాసు కాదు

"ముప్పై ఐదు వచ్చింది సారూ. పాసే కదా?"

జగిత్యాల దిక్కు రైతు ఒకాయన రిపోర్టు చేతిలో పట్టుకొని ఈ మాట అడిగినప్పుడు ఆయన మొఖంలో నిజమైన ఆశ ఉంది. పదో తరగతిలో 35 వస్తే పాసు, 60 వస్తే ఫస్ట్ క్లాసు. మనందరికీ చిన్నప్పటి నుంచి నోటికొచ్చిన లెక్క. గుండె స్కాన్ కాగితం మీద కూడా ఒక అంకె ఉంటుంది, దాని పక్కన శాతం ఉంటుంది. చూసినవాళ్లు మార్కులనుకోక ఏమనుకుంటారు?

మాది ధర్మపురి దగ్గర పల్లె. హైదరాబాదులో న్యూక్లియర్ మెడిసిన్ విభాగంలో గామా కెమెరా దగ్గర పనిచేస్తాను. ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల నుంచి వచ్చేవాళ్లను నోరు తెరవగానే గుర్తుపడతాను. వాళ్లతోపాటు చుట్టాలు, వాడకట్టువాళ్లు, బస్సులో పక్క సీటువాళ్లు చెప్పిన సలహాలు కూడా వస్తాయి. అన్నీ ప్రేమతో చెప్పినవే. వాటిలో చాలామటుకు ఒక్క పొరపాటు నుంచి పుట్టినవి: ఈ పరీక్షను ఎట్లనో ఒకట్ల గట్టెక్కాలనుకోవడం. అందుకే నేను విన్న తప్పుడు సలహాలను ఇక్కడ రాసిపెడుతున్నాను. మీ ఇంట్లో ఎవరికైనా ఈ స్కాన్ రాస్తే ముందు ఇది చదివి వినిపించండి.

మొదట ఆ అంకె సంగతి. గుండె ఎడమ గది నిండినప్పుడు 120 మిల్లీలీటర్ల రక్తం పట్టిందనుకుందాం. పిండినప్పుడు 70 బయటికి పోయింది. 70ని 120తో భాగిస్తే 58 శాతం. ఇదే ఎజెక్షన్ ఫ్రాక్షన్, మా దగ్గర అందరూ ఈఎఫ్ అంటారు. 100 ఎవరికీ రాదు. ఎంత మంచి గుండె అయినా కొంత రక్తాన్ని లోపల ఉంచుకునే పిండుతుంది. 55 నుంచి 70 మధ్య ఉంటే డాక్టరు నిమ్మళంగా ఉంటాడు. ఇక 35 దగ్గర ఒక గీత ఉంది. దానికి దిగువన గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగిపోయే ముప్పు పెరుగుతుంది. ఛాతీలో షాక్ ఇచ్చే చిన్న యంత్రం పెట్టాలా అని డాక్టర్లు ఆలోచించేది అక్కడే. ఆ రైతుకు ఇవన్నీ చెప్పడానికి నాకు నోరు రాలేదు. డాక్టరు గది దాకా ఆయన వెంట నడిచాను.

"కూసున్నప్పుడు మంచిగనే కొట్టుకుంటున్నది. ఎకో మంచిగొచ్చింది. ఇంక ఉరికిచ్చుడు ఎందుకు, పైసలు దండుగ."

ఈ సలహా చదువుకున్నవాళ్లు కూడా ఇస్తారు. మా తాత అంగడిలో ఎద్దును కొనేటప్పుడు గుంజకు కట్టేసిన ఎద్దును చూసి బేరం చేసేవాడు కాదు. బరువు బండికి కట్టించి ఎత్తు మీదికి తోలించేవాడు. కాడి దింపినాక కూడా కాసేపు అక్కడే నిలబడేవాడు. మంచి ఎద్దు నాలుగు సార్లు దమ్ము తీసి మామూలైపోతుంది. లోపల దెబ్బ ఉన్నదాని కాళ్లు కాడి దింపినాక కూడా వణుకుతూనే ఉంటాయి. మా కెమెరా చూసేది ఆ వణుకునే.

కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే రిపోర్టు చదివేవాళ్లు తప్పటడుగు వేసేది ఇక్కడే. మనిషి ట్రెడ్‌మిల్ మీద బాగా అలసినప్పుడు చేతి నరంలోకి టెక్నీషియం కలిపిన మందు ఎక్కిస్తాం. ఆ క్షణంలో గుండె కండరంలో ఎక్కడ ఎంత రక్తం పారుతుందో అక్కడ అంత మందు చేరి అతుక్కుంటుంది. మనిషి దిగి, కూర్చొని, నీళ్లు తాగి, పావుగంట నుంచి గంట తర్వాత కెమెరా కింద పడుకున్నా ఆ మందు కదలదు. కాబట్టి రక్తప్రసారం బొమ్మ ఉరికినప్పటిది. పంపింగ్ సంగతి వేరు. ఛాతీకి ఈసీజీ తీగలు పెట్టి, ఒక్కో గుండె కొట్టుకోవడాన్ని 8 ముక్కలుగానో 16 ముక్కలుగానో కోసి, గది ఎంత నిండింది, ఎంత ఖాళీ అయింది అని కంప్యూటరు లెక్క కడుతుంది. అది పడుకున్నప్పటి లెక్క. అందుకే రిపోర్టులో "స్ట్రెస్ తర్వాత ఈఎఫ్" అని రాస్తారు. ఉరుకుతున్నప్పటి ఈఎఫ్ అని దాన్ని చదవవద్దు.

మరి దిగి అరగంట అయినాక కూడా ఆ అంకె ఎందుకు తగ్గి ఉంటుంది? రక్తం సరిగా అందని కండరం, రక్తం మళ్లీ వచ్చినాక కూడా వెంటనే పనిలోకి దిగదు. చచ్చిపోలేదు, కానీ మొద్దుబారి ఉంటుంది. 1975లో కుక్కల గుండెల మీద చేసిన ప్రయోగాల్లో, కొన్ని నిమిషాలు రక్తం ఆపి వదిలితే ఆ భాగం గంటల తరబడి సరిగా పిండలేదని తేలింది. 1982లో బ్రౌన్‌వాల్డ్, క్లోనర్ అనే డాక్టర్లు ఈ స్థితికి పేరు పెట్టారు. కండరం అప్పటికప్పుడు ఖర్చుపెట్టుకునే ఫాస్ఫోక్రియాటిన్ అనే నిల్వను 1927లో హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి బయటపెట్టినవాడు భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు. రక్తం ఆగితే మొదట అడుగంటేది ఆ నిల్వే. రక్తం రాగానే అది తొందరగానే నిండుతుంది. కండరం లోపల కాల్షియం రాకపోకలు గాడిలో పడటానికే పొద్దు పడుతుంది.

ఇప్పుడు అంకెలు చూడండి. విశ్రాంతిలో 120 నిండి 70 పోయింది, 58 శాతం. శ్రమ తర్వాత గది కాస్త సాగి 130 పట్టింది, పోయింది 62 మాత్రమే, 48 శాతం. నాలుగైదు అంకెల తేడా కెమెరా లెక్కలోనే రావచ్చు. పది పడిపోతే మాత్రం ఆ మనిషిని డాక్టరు ఊరికే ఇంటికి పంపడు. మూడు పెద్ద నాళాలూ ఒకే తీరుగా పూడిన గుండెలో రక్తప్రసారం బొమ్మ అంతటా ఒకే రంగులో, చూడముచ్చటగా రావచ్చు. పోల్చుకోవడానికి మంచి భాగం అంటూ ఒకటి లేకపోవడమే కారణం. అప్పుడు జబ్బును పట్టించేవి ఈ పడిపోయిన ఈఎఫ్, ఆ సాగిన గది. విశ్రాంతిలో తీసిన ఎకోకు ఈ గుట్టు అందదు.

ఇంకో మాట. స్ట్రెస్ అనగానే "నాకు ఏ టెన్షన్ లేదు సారూ, పిల్లల పెండ్లిళ్లయినయి" అంటారు కొందరు. ఇక్కడ స్ట్రెస్ అంటే గుండెకు పెట్టే శ్రమ.

"అన్నం తినద్దన్నరు గని, ఒక్క చాయ్‌తోని ఏమైతది?"

నేను చూసినంతలో స్కాన్లను ఎక్కువగా చెడగొట్టిన సలహా ఇదే. మా మేనమామది ఖానాపూర్ దగ్గర పల్లె. మోకాళ్లు అరిగి ట్రెడ్‌మిల్ మీద నడవలేడు. అట్లాంటివాళ్లకు అడినోసిన్, రెగాడినోసన్, డైపిరిడమోల్ లాంటి మందు ఇచ్చి గుండె నాళాలను వెడల్పు చేస్తారు. మంచి నాళంలో పారకం మూడు నాలుగు రెట్లు పెరుగుతుంది, పూడిన నాళంలో అంత పెరగదు, ఆ తేడా బొమ్మలో పడుతుంది. ఈ మందు వచ్చి కూర్చోవలసిన చోట చాయ్‌లోని కెఫీన్ ముందే కూర్చుంటుంది. అప్పుడు మందు ఎక్కించినా నాళం తెరుచుకోదు, బొమ్మ అంతా సమంగా వస్తుంది, జబ్బున్న మనిషి జబ్బు లేదన్న కాగితం పట్టుకొని ఇల్లు చేరతాడు. అందుకే కనీసం 12 గంటలు, చాలాచోట్ల 24 గంటలు చాయ్, కాఫీ, కూల్‌డ్రింకు, చాక్లెట్ బంద్ చేయమంటారు. తలనొప్పి గోలీల్లో కూడా కొన్నిటిలో కెఫీన్ ఉంటుంది.

మామ నిర్మల్‌లో రాత్రి బస్సెక్కాడు. జనవరి చలి. కామారెడ్డి దగ్గర బస్సు ఆగితే అందరూ దిగారు. పక్క సీటాయన చేతిలో గ్లాసు పెట్టాడు. పొద్దున నా ముందు కూర్చున్నప్పుడు అడిగాను.

"చాయ్ గిట్ల తాగినవా మామా?"

"లేదు అల్లుడా."

అంటూ కండువా భుజం మీద మడిచి పెట్టుకున్నాడు. తెల్ల కండువా అంచున రూపాయి బిళ్లంత గోధుమ రంగు మరక, ఎండి అట్టకట్టి ఉంది. నేను మరక మీద వేలు పెట్టాను. మామ కాసేపు నేల చూశాడు.

"సగమే తాగిన అల్లుడా. సలికి పాణం పోయేటట్టుండె."

ఆ పూట స్కాన్ చేయలేదు. డాక్టరుకు చెప్పి వారం తర్వాతకు మార్పించాను. అంత దూరం పంపిస్తే సగం చాయ్‌కు వాపస్ పంపుతావా అని అత్త ఫోనులో తిట్టింది. పడ్డాను. ఆ సగం గ్లాసు దాచిపెట్టి స్కాన్ చేస్తే, వచ్చిన బొమ్మను నేను నమ్మేవాణ్ణి కాదు. మరక చూడని డాక్టరు నమ్మేవాడు.

బొగ్గు బావుల్లో పనిచేసి దిగినవాళ్లు, ఏళ్ల తరబడి బీడీ తాగినవాళ్లు గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి నుంచి వస్తుంటారు. వాళ్ల జేబుల్లో దమ్ముకు వేసుకునే గోలీలు ఉంటాయి. డెరిఫిలిన్ లాంటి వాటిలో ఉండే థియోఫిలిన్ కూడా కెఫీన్ చేసే పనే చేస్తుంది. పైగా ఆస్తమా ఉన్నవాళ్లకు అడినోసిన్ ఇస్తే ఊపిరి బిగుసుకుపోవచ్చు. కాబట్టి దమ్ము ఉందని చెప్పడానికి సిగ్గుపడవద్దు. చెబితే వేరే మందుతో చేస్తారు.

గోలీల విషయంలో రెండు వర్గాలు ఉన్నాయి. "అన్నీ బంద్ పెట్టు" అనేవాళ్లు ఒకరు, "ఏదీ ఆపకు" అనేవాళ్లు ఇంకొకరు. ఇద్దరి మాటా వినవద్దు. గుండె వేగాన్ని తగ్గించే గోలీలు వేసుకుంటే ట్రెడ్‌మిల్ మీద కావలసిన వేగం అందదు. 220లో వయసు తీసేసి, మిగిలిన దానిలో 85 శాతం చేరాలి. 60 ఏళ్లాయనకు 136. అందుకని కొన్నిసార్లు ఒకటి రెండు రోజుల ముందు ఆపమంటారు. ఉన్నపళంగా ఆపితే నొప్పి తిరగబెట్టేవాళ్లూ ఉంటారు. అసలు ఆ గోలీ జబ్బును ఎంతవరకు ఆపుతుందో చూద్దామని కొనసాగించమనే డాక్టర్లూ ఉన్నారు. ఏ గోలీ ఆపాలో స్కాన్ రాసిన డాక్టరు చేతే చీటీ మీద రాయించుకోండి. షుగర్ ఉన్నవాళ్లయితే మరీ ముఖ్యం. ఆదిలాబాద్ నుంచి దాదాపు 300 కిలోమీటర్లు ఖాళీ కడుపుతో వచ్చి, అలవాటు ప్రకారం ఇన్సులిన్ పొడుచుకొని, మా వరండాలో చెమటలు పట్టి ఒరిగిపోయిన ఆడమనిషి చేతిని నేను పట్టుకున్నాను. మంచు ముద్దలా ఉంది. గ్లూకోజ్ ఎక్కించాక గాని మనిషి కండ్లు తెరవలేదు.

"నొప్పి లేస్తే చెప్పకు. చెప్తే ఆపేస్తరు, మల్ల రమ్మంటరు."

ఇది విన్నప్పుడల్లా నాకు కడుపులో దేవినట్టవుతుంది. ట్రెడ్‌మిల్ మొదట గంటకు 2.7 కిలోమీటర్ల వేగంతో, కొంచెం ఎత్తు మీద నడిపిస్తుంది. ప్రతి 3 నిమిషాలకు వేగమూ ఎత్తూ పెరుగుతాయి. 1963లో అమెరికాలో రాబర్ట్ బ్రూస్ అనే గుండె డాక్టరు కట్టిన పద్ధతి. నడుస్తున్న మనిషి పక్కన నిలబడి మేము చూసేది తెర ఒక్కటే కాదు. పెదవి మీద చెమట చూస్తాం, మాట మధ్యలో తెగుతుందా అని వింటాం. సిరిసిల్ల నుంచి వచ్చిన నేత పనాయన ఒకరు "మంచిగుంది, మంచిగుంది" అంటూనే ఎడమ చేతి వేళ్లను ఒక్కొక్కటిగా ముడుస్తూ తెరుస్తూ ఉన్నాడు. మొఖం మీద నవ్వు. డాక్టరు తెర చూసి వెంటనే మందు ఎక్కించమన్నాడు, నిమిషం నడిపించి ఆపేశాడు. దిగినాక చెప్పాడు, రెండో ఎత్తు నుంచే చేయి గుంజుతున్నదని. ఏ నిమిషంలో, ఎంత పని దగ్గర నొప్పి మొదలైందన్నది ఈ పరీక్షలో సగం జవాబు. అది దాస్తే మిగిలేది సగమే.

కడ్డీని గట్టిగా పట్టుకుని వేలాడమని కూడా చెబుతారు. అట్లా చేస్తే బరువు చేతుల మీదికి పోతుంది, గుండెకు పని తగ్గుతుంది, చేయని పని చేసినట్టు లెక్కలోకి ఎక్కుతుంది. వేళ్లు ఆనించి నడిస్తే చాలు. రబ్బరు చెప్పులతో రాకండి. ఆడవాళ్లు చీరతో నడవలేక మధ్యలో ఆపిన సందర్భాలు ఉన్నాయి, పంజాబీ డ్రెస్సు ఒకటి సంచిలో పెట్టుకోండి.

"ఒక ఫొటో అయింది గదా, రెండోది ఎందుకు? జేబీఎస్‌లో ఆఖరి బస్సు పోతది."

విశ్రాంతి బొమ్మ, శ్రమ బొమ్మ రెండూ ఉంటేనే పోలిక. 48 ఒక్కటే కాగితం మీద ఉంటే అది పాత దెబ్బ వల్ల ఎప్పుడూ ఉండే 48 కావచ్చు, లేదా ఇవాళ 58 నుంచి జారిన 48 కావచ్చు. ఈ రెంటికీ వైద్యం వేరు. ఆలస్యంగా వచ్చినా చిక్కే. మేము వాడే టెక్నీషియం 6 గంటలకు సగమైపోతుంది. దాన్ని ఇచ్చే జనరేటర్లను మన దేశంలో నవీ ముంబైలోని బ్రిట్ సంస్థ సరఫరా చేస్తుంది. లోపల ఉండే మాలిబ్డినం కూడా 66 గంటలకు సగమవుతుంది. పొద్దున మీ పేరు మీద తీసిన మందు మధ్యాహ్నానికి మీ కోసం ఆగి ఉండదు. ముందు రోజే వచ్చి చుట్టాల ఇంట్లో పడుకోండి. రెండు బొమ్మల నడుమ పాలో, నూనె తిండో తీసుకోమంటే కాదనకండి. కాలేయం, పిత్తాశయంలో చేరిన మందు కిందికి దిగితేనే గుండె అడుగు భాగం స్పష్టంగా కనపడుతుంది.

రిపోర్టు వచ్చాక పక్కింటాయన అంకెతో పోల్చి గుండెలు బాదుకోవద్దు. ఎకోలో 60 వచ్చి స్కాన్‌లో 72 వస్తే గుండె బాగుపడినట్టు కాదు. చిన్న గుండె ఉన్న ఆడవాళ్లలో కెమెరా ఆ చిన్న గదిని ఇంకా చిన్నదిగా చూసి ఈఎఫ్‌ను పెంచి చూపుతుంది. గుండె లయ తప్పి కొట్టుకునేవాళ్లలో ముక్కల లెక్కే తప్పుతుంది. పోల్చవలసింది మీ విశ్రాంతి అంకెతో మీ శ్రమ తర్వాతి అంకెను, అదే యంత్రం మీద.

రేడియేషన్ పేరు చెప్పి మనుమరాలిని నెల రోజులు ముట్టుకోవద్దన్నారట కోరుట్ల నుంచి వచ్చిన ఒక అవ్వకు. ఆమె అప్పటికే ఏడుస్తోంది. ఈ స్కాన్‌ను జనం ఇంకా థాలియం టెస్టనే పిలుస్తారు గాని, ఇప్పుడు చాలాచోట్ల వాడేది టెక్నీషియం. రోజు తిరిగేసరికి దానిలో మిగిలేది పదహారో వంతు, మూత్రంలో పోయేది కాక. ఆ పూటకు చంటిపిల్లలను ఒళ్లో ఎక్కువసేపు పెట్టుకోకపోతే చాలు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు మాత్రం ముందే చెప్పి తీరాలి. మన జిల్లాల్లో ఇంటికొకరు దుబాయో మస్కటో పోయేవాళ్లు కాబట్టి ఇది కూడా చెప్పాలి: స్కాన్ అయిన వారంలోపు విమానం ఎక్కితే, విమానాశ్రయంలో రేడియేషన్ పసిగట్టే యంత్రం మోగవచ్చు. థాలియమే ఇచ్చి ఉంటే ఇంకా ఎక్కువ రోజులు మోగవచ్చు. మా దగ్గర ఉత్తరం అడిగి పాస్‌పోర్టులో పెట్టుకోండి.

అన్నిటికన్నా ప్రాణాంతకమైన సలహా చివరికి మిగిలింది. "గ్యాసే అయుంటది, ఎట్లాగూ సోమారం స్కాన్ ఉంది కదా, అప్పటిదాకా ఓర్సుకో." ఛాతీ మధ్యలో బరువు, చెమట, దవడకో చేతికో పాకే నొప్పి, కూర్చున్నా తగ్గని ఆయాసం ఉంటే అది స్కాన్ దాకా ఆగే సంగతి కాదు. అప్పటికప్పుడు 108కు ఫోను చేయండి, దగ్గర దవాఖానాలో ఈసీజీ తీయించండి. ఆదిలాబాద్‌లో అయితే రిమ్స్ ఉంది. గుండెపోటు నడుస్తున్న మనిషిని మేము ట్రెడ్‌మిల్ ఎక్కించం. షుగర్ ఉన్నవాళ్లకు నొప్పే రాకపోవచ్చు, దమ్ము ఒక్కటే రావచ్చు. బీడీలు చుట్టుకుంటూ "పని ఎక్కువై దమ్మొస్తుంది" అనుకునే అక్కలకు ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాను. ఆడవాళ్లకు గుండెజబ్బు రాదన్నది ఎవరు మొదలుపెట్టారో గాని, దాన్ని నమ్మి ఆలస్యంగా వచ్చినవాళ్లను నేను చాలామందిని చూశాను.

మామ వారం తర్వాత మళ్లీ వచ్చాడు. ఈసారి అత్త వెంట వచ్చింది. కామారెడ్డిలో బస్సు దిగనియ్యలేదట. మందు ఎక్కుతున్నప్పుడు మామ మొఖం ఎర్రబడింది, ఛాతీ పట్టేసినట్టుందన్నాడు, దాచలేదు. రెండు బొమ్మలూ అయ్యాక తెర మీద ఆయన గుండెను తిప్పాను. గుర్రపు నాడా ఆకారంలో, నారింజ రంగులో, మూసుకుంటూ తెరుచుకుంటూ ఉంది.

"అది నాదేనా అల్లుడా? గిప్పుడు కొట్టుకునేదేనా?"

"నీదే మామా. గిందాక తీసిన 8 బొమ్మలు, తిప్పి తిప్పి చూపిస్తది."

మామ కండ్లద్దాలు పైకి జరిపి తెర దగ్గరికి వంగాడు. పైభాగం గట్టిగా ముడుచుకుంటోంది. అడుగు వైపు ఒక మూల ఆలస్యంగా, సగం సగం కదులుతోంది. నేనేమీ చెప్పలేదు, అది డాక్టరు చెప్పాల్సిన మాట. ఆయనే వేలు పెట్టి చూపించాడు.

"గీ మూల సరిగ గుంజుతలేదు."

అత్త లేచి వచ్చి ఆయన వేలు పెట్టిన చోటు చూసింది. తర్వాత సంచిలోంచి గోలీల చీటీ, పాత ఈసీజీలు తీసి వరుసగా పెట్టుకొని, డాక్టరు గది ఎటు దిక్కు అని అడిగింది.